మందు చెట్టున సగము, ప్రేగున సగము

మెట్టభూములు గల రైతులు కొందఱు ఇప్పుడు ఓషధి పంటలవైపు దృష్టి త్రిప్పుచున్నారు. సునాముఖి, కలబంద, అశ్వగంధ మొదలగునవి తక్కువ నీటితో పండును. పశువుల బెడదయు వీనికి కొంత తక్కువ. ఇంతవఱకు సంతోషింపదగినదే. కాని పంట చేతికి వచ్చిన పిమ్మట సంఘ సమావేశములందు ఒక మాట తఱచుగా వినవచ్చుచున్నది: “ఆకును ఆకుగా అమ్మిన మనకు మిగులునదేమి? దానినే చూర్ణము చేసి, డబ్బాలకెత్తి, ఈ రోగము తప్పక పోవునని చీటీ అంటించి అమ్మిన, నాలుగింతలు వచ్చును గదా!”

చూర్ణము చేయుటకు గాని, డబ్బాల కెత్తుటకు గాని నాకు ఆక్షేపణ లేదు. తగిన అనుమతులతో అది చేయదగిన పనియే. నా ఆక్షేపణ ఆ చీటీని గుఱించినది. “తప్పక” అను ఆ ఒక్క మాటను మన సంఘములు అమ్మకూడదని నా అభిప్రాయము. ధర్మపన్నములు చెప్పుటకు గాక, మూలిక పనిచేయు విధమును గుఱించి ఇటీవలి శాస్త్రజ్ఞులు తెలిసికొన్న సంగతులనుబట్టి ఇట్లు చెప్పుచున్నాను. ఆ సంగతులు రైతునకు తెలియనివి కావు. పొలములో నిత్యము చూచుచున్నవే, కడుపులోనికి మారినవి.

సోయాచిక్కుడు ఎన్నడును వేయని భూమిలో మొదటిసారి ఆ విత్తనము చల్లినప్పుడు ఏమి జరుగునో మీరు చూచియుందురు. విత్తనము మంచిది, ఎరువు వేసితిమి, వాన కురిసినది. అయినను మొక్క పచ్చబారదు. పెఱికి చూచిన వేరున బుడిపెలు ఉండవు. ఆ బుడిపెలను కట్టు రైజోబియమను సూక్ష్మజీవి ఆ నేలలో లేకుండుటయే కారణము. విత్తనమునకు రైజోబియము పట్టించి చల్లిన, అదే భూమి, అదే విత్తనము, వేఱు ఫలము. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించునది మొక్క ఒక్కటియే కాదు, నేల ఒక్కటియే కాదు. వానిమధ్య నున్న మూడవవాడు.

మూలికకును మనుష్యునకును నడుమ కూడ ఇట్టి మూడవవాడు కలడు. మన పెద్దప్రేగులో నివసించు సూక్ష్మజీవుల సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016 సంవత్సరమున శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. మన శరీరమందలి సొంత కణముల సంఖ్యయు ఇంచుమించుగా అంతియే. ఈ జీవులు గాలి చొరని చోట నుండి, మనము జీర్ణము చేసికొనలేక విడిచిన పీచును, పిండిని, చెట్టు పదార్థములను తిని బ్రదుకుచున్నవి. మన కాలేయమునకు చేతగాని రసాయన క్రియలు కొన్ని వీనికి చేతనగును. మూలికలోని పదార్థములు పెక్కు చక్కెరతో జతపడియుండును. అట్లు జతపడినవి తఱచుగా చిన్నప్రేగు గోడను దాటి రక్తమున కలియజాలవు. అవి క్రిందికి జాఱి పెద్దప్రేగు చేరును. అచ్చట సూక్ష్మజీవులు ఆ చక్కెరను తెంచి తాము తినును. మిగిలినది మనకు మందగును, లేక విషమగును, లేక ఏమియు గాక పోవును.

మొదట సునాముఖినే తీసికొందము. దీనిని కొందఱు నేలతంగేడందురు. తిరునెల్వేలి ప్రాంతమున విరివిగా పండుటచే పరదేశపు వర్తకమున దీనికి తిన్నెవెల్లి సెన్నా యను పేరు నిలిచినది. ఈ ఆకు విరేచనకారి యని మన అవ్వలకు తెలియును. దీనిలోని ముఖ్యపదార్థములకు సెన్నోసైడులని పేరు. ఆశ్చర్యకరమైన సంగతి యేమన, సెన్నోసైడు తనంతట విరేచనము చేయజాలదు. అది కడుపును, చిన్నప్రేగును దాటి, చెక్కుచెదరక పెద్దప్రేగునకు పోవును. అచ్చటి సూక్ష్మజీవులు దాని చక్కెరను తెంచి, మిగిలిన దానిని రెయిన్ ఆంత్రోన్ అను పదార్థముగా మార్చును. ప్రేగును కదలించి, నీటిని లోనికి లాగి, విరేచనము చేయునది ఇదియే. మనము పండించునది మందు కాదు, మందునకు ముడిసరకు. ఆ ముడిసరకును మందుగా మార్చు కార్ఖానా త్రాగినవాని పొట్టలో నున్నది.

ఇది ఊహ కాదు. కలబంద విషయమున చేసిన ఒక పరీక్ష చాల స్పష్టమైనది. కలబంద మట్టకు చర్మము క్రింద నుండు పసుపుపచ్చని చేదు రసమును ఎండించిన అది ముసాంబ్రమగును. దానిలోని విరేచన పదార్థమునకు బార్బలాయిన్ అని పేరు. దీని చక్కెర మిక్కిలి గట్టిగా అతుకుకొని యుండుటచే సామాన్యమైన సూక్ష్మజీవులు దానిని తెంచలేవు. 1996 సంవత్సరమున జపానులోని తొయామా నగరపు పరిశోధకులు, ఏ సూక్ష్మజీవియు లేకుండ పెంచిన ఎలుకలకు బార్బలాయిన్ ఇచ్చిరి, విరేచనము కాలేదు. పిమ్మట మనుష్యుని ప్రేగునుండి వేఱుచేసిన ఒకే యొక సూక్ష్మజీవిని అట్టి ఎలుకల పొట్టలో నెలకొల్పి, అదే పదార్థము నిచ్చిరి, విరేచనమైనది. ఎలుక జాతి ఒకటే, మందు ఒకటే. మాఱినది ఆ మూడవవాడు మాత్రమే.

దీనివలన గృహస్థు నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదు. సునాముఖి పెద్దప్రేగు చేరి, అచ్చట మారి, పనిచేయుటకు సామాన్యముగా ఆఱు మొదలు పండ్రెండు గంటలు పట్టును. రాత్రి భోజనానంతరము పుచ్చుకొన్నవాడు రెండు గంటలు వేచి, “ఇది పనిచేయలేదు, ఆకు పాతది కాబోలు” నని మరల ఒక మోతాదు పుచ్చుకొనును. తెల్లవాఱుసరికి రెండు మోతాదులును ఒక్కసారి పనిచేయును. కడుపునొప్పి, నీళ్ల విరేచనములు, నీరసము కలుగును. పసివాండ్రకును వృద్ధులకును ఇది ప్రమాదము. తప్పు ఆకుది కాదు. ఆకు పనిచేయు చోటు దూరమని తెలియకపోవుటది.

రెండవ ఉదాహరణము మన మన్యపు సరకు. కరక్కాయను మన్యమునందలి గిరిజనులు ఏరి తెత్తురు. అట్టి అటవీ ఫలసాయమును కొనుటకై 1956 సంవత్సరమున విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అనంతపురపు మెట్టలందు దానిమ్మ తోటలు విరివిగా కలవు. కరక్కాయ యందును దానిమ్మ తొక్క యందును ఒకే వంశమునకు చెందిన వగరు పదార్థములు, ఎలాజిక్ ఆమ్లమును పుట్టించునవి, కలవు. ఇవి ఉన్నవి ఉన్నట్లుగా రక్తమున చేరునది మిక్కిలి స్వల్పము. ప్రేగులోని సూక్ష్మజీవులు వీనిని అంచెలంచెలుగా విఱిచి యూరోలితినులను చిన్న పదార్థములుగా మార్చును. అవి రక్తమున చేరును. స్పెయిన్ దేశపు పరిశోధకులు 2014 సంవత్సరమున మనుష్యులను ఈ విషయమున మూడు తెగలుగా విభజించిరి. ఒక తెగవారి ప్రేగు ఒక విధమగు యూరోలితినును చేయును. రెండవ తెగవారిది మఱికొన్ని విధములను కూడ చేయును. మూడవ తెగవారిది ఏమియు చేయదు. ఈ మూడవ తెగవాడు కరక్కాయ ఎంత తినినను వాని రక్తమున యూరోలితిను కనబడదు. పొరుగువానికి కలిగిన గుణము తనకు కలుగలేదని వాడు వర్తకుని దూఱిన, ఆ నింద న్యాయమగునా?

ఇంతవఱకు సూక్ష్మజీవి మందును చేయుటను చూచితిమి. అది మందును చెఱచుటయు కలదు. ఐరోపా దేశమున డిజిటాలిస్ అను పూలమొక్క కలదు. దాని ఆకు గుండెజబ్బు వలన వచ్చిన నీరువాపునకు పనిచేయునని ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ 1785 సంవత్సరమున గ్రంథము వ్రాసెను. ఆ జాతి మొక్క నుండియే 1930 సంవత్సరమున డిజాక్సిన్ అను మందును వేఱుచేసిరి. నేటికిని వైద్యులు దానిని వాడుచున్నారు. గుణమిచ్చు మోతాదునకును విషమగు మోతాదునకును నడుమ ఎడము మిక్కిలి తక్కువగుట దీని కష్టము. ఇట్టి మందును ఇచ్చునపుడు, సుమారు పదిమందిలో ఒకరి ప్రేగునందలి సూక్ష్మజీవులు దానిలో పెద్దభాగమును నిర్వీర్యము చేయుచున్నవని లిండెన్‌బామ్ మొదలగు అమెరికా వైద్యులు 1981 సంవత్సరమున తెలిపిరి. అట్టివారికి యాంటీబయాటిక్ మందు లిచ్చినప్పుడు ఆ సూక్ష్మజీవులు అణగిపోయి, రక్తమున డిజాక్సిన్ కొందఱిలో రెండింతల వఱకు పెఱిగినది. గుండెమందు మోతాదును ఎవరును మార్చలేదు. వేఱొక జబ్బునకు వేసికొన్న మాత్ర దానిని మార్చినది.

ఈ కథలో మన దక్షిణదేశమునకు సంబంధించిన భాగము కూడ కలదు. వేలూరు వైద్యులు మథాన్ మొదలగువారు న్యూయార్కు వైద్యులతో కలసి ఉభయదేశముల ప్రజలను పరీక్షించి, 1989 సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. డిజాక్సినును ప్రేగులో మార్చువారు న్యూయార్కున నూటికి 36 మంది కాగా, దక్షిణ భారతీయులలో నూటికి సుమారు 14 మంది మాత్రమే యుండిరి. మనవారిలోను పట్టణవాసులకంటె పల్లెవాసులలో అట్టివారు మఱింత తక్కువ. ఈ పని చేయు సూక్ష్మజీవికి ఎగ్గర్తెల్లా లెంటా యని పేరు. దానిలో ఏ జన్యువులు ఈ పని చేయించుచున్నవో 2013 సంవత్సరమున తెలిసినది. ఆ జీవియే యున్నను, దాని తెగలన్నిటికిని ఆ జన్యువులు లేవు. మాంసకృత్తులు అధికముగా గల మేత తిన్న ఎలుకలలో ఈ చెఱుపు తగ్గినదని కూడ కనుగొనిరి. అనగా పేరు ఒకటియైనను గుణము వేఱు. గుణము ఒకటియైనను తిండినిబట్టి పని వేఱు. వరిలో రకములున్నట్లే వీనిలోను రకములున్నవి.

మూడవది, సూక్ష్మజీవి హానిని చేయుట. అతిమధురము దగ్గునకు వాడుట ఇంటింట నున్నదే. దానిలోని తీపి పదార్థమును ప్రేగు సూక్ష్మజీవులు మార్చగా పుట్టునది రక్తమున చేరి, మూత్రపిండములలో ఉప్పును నిలుపును, పొటాషియమును పోగొట్టును. కొలదిగా, కొలది దినములు వాడిన సామాన్యముగా భయము లేదు. ఎక్కువగా, ఎక్కువ దినములు వాడినవారికి రక్తపుపోటు పెఱుగును. ఇదివఱకే రక్తపుపోటు ఉన్నవారు వైద్యు నడుగక దీనిని వాడరాదు. “చెట్టు మందు, చెఱుపు చేయదు” అను నమ్మిక ఎంత అపాయకరమో దీనివలన తెలియును.

పశుపోషకులకు ఇది మఱింత సులభముగా బోధపడును. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అను పదార్థము కలదు. అదియు, దానినుండి పుట్టునవియు పశువునకు చెఱుపు చేయును. వెండ్రుకలు రాలును, గొంతు గ్రంథి వాచును. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేపిన పశువులు ఇట్లు బాధపడుచుండగా, హవాయి ద్వీపములందలి మేకలు అదే ఆకును సుఖముగా తినుచుండెను. రేమండ్ జోన్స్ అను శాస్త్రజ్ఞుడు దీనికి కారణము మేకల పొట్టలోని సూక్ష్మజీవి యని గ్రహించెను. 1980 దశకపు తొలి సంవత్సరములలో ఆ మేకల పొట్టలోని రసమును ఆస్ట్రేలియాకు కొనిపోయి పశువుల కిచ్చిరి, బాధ తొలగినది. ఆ జీవికి 1992 సంవత్సరమున ఆయన పేరు చేరునట్లు సినర్జిస్టిస్ జోన్సీ యని నామకరణము చేసిరి. మేత మాఱలేదు, పశుజాతి మాఱలేదు. పొట్టలోని కాపురస్తుడు మాఱెను.

ఈ సంగతులు తెలిసిన పిమ్మట ఇద్దఱు మనుష్యులతో నాకు వాదము కలదు. మొదటివాడు, “మా తాతగారు దీనితో బాగుపడిరి, కాబట్టి మీరును బాగుపడుదురు” అనువాడు. తాతగారి మాట అబద్ధము కాదు. కాని ఆయన తిన్న జొన్నసంకటి, ఆయన త్రాగిన మజ్జిగ, ఆయన ఎన్నడును మ్రింగని యాంటీబయాటిక్ మాత్రలు, ఇవి అన్నియు కలసి ఆయన ప్రేగును ఒక విధముగా కూర్చినవి. మన ప్రేగు వేఱు. రెండవవాడు, “గాజుకుప్పెలో పరీక్షించితిమి, ఈ ఆకులో పస లేదు; మీ పెద్దలది మూఢనమ్మకము” అనువాడు. గాజుకుప్పెలో ఆ మూడవవాడు లేడు. సెన్నోసైడును వానితో కలపక పరీక్షించినవాడు సునాముఖి విరేచనకారి కాదని తీర్పు చెప్పవలసి వచ్చును. మొదటివాడు ఒక మనుష్యుని అనుభవమును లోకమున కంతటికి అంటగట్టుచున్నాడు. రెండవవాడు మనుష్యునే విడిచిపెట్టినాడు.

ఇక మన కర్తవ్యమేమి? రైతు బాధ్యత ఎచ్చటి వఱకో, ఎచ్చట ముగియునో స్పష్టముగా గీత గీసికొనవలెను. ఆకులోని సత్తువ వఱకు మనది. మంచి సునాముఖి ఆకులో సెన్నోసైడులు సామాన్యముగా నూటికి రెండు మూడు పాళ్లుండును. దీనిని ప్రయోగశాలలో కొలువవచ్చును. అదనున కోయుట, బూజు పట్టకుండ ఎండించుట, వేఱు ఆకు కలపకుండుట, తడి తగులకుండ నిలువచేయుట, ఇవి మన చేతిలోని పనులు. వీనిలో లోపమున్న మనదే తప్పు, పరిహార మిచ్చుకొనవలెను. అటుపై జరుగునది త్రాగినవాని ప్రేగులోని పని. దానికి మనము పూచీ పడలేము, పడకూడదు.

కావున సంఘములకు నేను చేయు సూచన లివి. ఒకటి, ప్రతి బస్తా మీద మూలిక పేరు, దాని భాగము, కోసిన నెల, ఊరు వ్రాయవలెను. సరకు పెద్దమొత్తమైన చోట సత్తువ పరీక్ష చేయించి ఆ అంకెను కూడ వ్రాయవలెను. రెండు, కొనుగోలుదారు “మీ ఆకు పనిచేయలేదు” అని ధర తగ్గింప జూచిన, ఒకరి విరేచనమును సాక్ష్యముగా అంగీకరింపక, ప్రయోగశాల పత్రమును చూపవలెను. అప్పుడే నిందనుండి రైతునకు రక్షణ కలుగును. మూడు, చూర్ణము చేసి అమ్మదలచిన, 1940 సంవత్సరపు ఔషధముల చట్టము క్రింద తగిన లైసెన్సు పొందవలెను. నాలుగు, రోగము కుదురునను మాట చీటీపై వ్రాయరాదు. మధుమేహము, కాన్సరు మొదలగు పెక్కు వ్యాధులకు మందని ప్రకటించుట 1954 సంవత్సరపు ఆక్షేపణీయ ప్రకటనల చట్టము ప్రకారము నేరము. అయిదు, మూలికలు వాడుచున్నవారు ఆ సంగతిని తమ వైద్యునికి దాచక చెప్పవలెననియు, గుండెమందు, రక్తపుపోటు మందు వాడువారు మఱింత జాగ్రత్త వహింపవలెననియు సంఘ కార్యాలయమున బోర్డు పెట్టవలెను. ఆఱు, జలుబునకును, చిన్న జ్వరమునకును వైద్యుని చీటీ లేకుండ యాంటీబయాటిక్ మాత్రలు కొని మ్రింగు అలవాటును మన యిండ్లలో మానిపింపవలెను. పురుగుమందు పొలములోని మిత్రకీటకములను కూడ చంపునట్లే, ఆ మాత్ర ప్రేగులోని ఉపకారులను కూడ చంపును. వైద్యుడు వ్రాసి యిచ్చినప్పుడు మాత్రము ఆయన చెప్పినన్ని దినములు తప్పక వాడవలెను.

“ఇట్లు నోరు కట్టుకొనిన లాభము పోవును గదా” యని కొందఱందురు. నాలుగింతల లాభము ఒక సంవత్సరము రావచ్చును. గుణము కలుగనివారు నలుగురు చేరి పదిమందితో చెప్పిన పిమ్మట, రెండవ సంవత్సరము మంచి ఆకును కూడ కొనువాడుండడు. వర్తకుడు పేరు మార్చి మఱియొక సరకు అమ్ముకొనును. రైతు తన పొలమును మార్చుకొనజాలడు. ఊరిపేరు బస్తామీద వ్రాసికొన్న సంఘము పోగొట్టుకొనునది ఒక గిరాకి కాదు, తన పేరే. ఔషధ కంపెనీలు ఆకును కొనునది దాని సత్తువను చూచియే. ఆ అంకెను నిజముగా చెప్పు సంఘమునకు వారు ఏటేట తిరిగి వత్తురు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఓషధి పంటల అమ్మకము చర్చకు వచ్చినచో, సభ్యులు చీటీపై వ్రాయు మాటలను గుఱించి ముందుగా తీర్మానము చేసికొని, ఆ పిమ్మట ధరను గుఱించి మాటలాడవలెనని కోరుచున్నాను. ఆకు మనది, దానిని గుఱించి నిజము చెప్పుదము. గుణము ఆకుతోపాటు ఎవరి ప్రేగున కది చెందినది. దానిని మనము తూచి అమ్మజాలము.